అంబాసిడర్ బానెట్ కింద ఏడు వైర్లు

పాత అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇంజన్ పని దగ్గర కాదు. బోరింగు చేసిపెట్టే లేత్ షాపులు ఇంకా ఉన్నాయి. పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు కాస్త వెతికితే దొరుకుతాయి. తీరా ఇంజన్ తిరిగొచ్చి బానెట్ కింద కూర్చున్నాక, డిస్ట్రిబ్యూటర్ చుట్టూ వేలాడుతున్న వైర్లలో ఏది ఎక్కడ తగిలించాలో తెలియక బండి షెడ్డులోనే ఉండిపోతుంది. విప్పినప్పుడు ఎవరూ గుర్తు పెట్టుకోలేదు, ఫోన్లో ఫొటో అయినా తీయలేదు. పాయింట్ల బండ్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు పెద్దవాళ్లయిపోయారు. స్కానర్ పెట్టి లోపం చదివే ఈ కాలం మెకానిక్‌కి, అది తగిలించడానికి ఈ బండిలో సాకెట్టే లేదు.

ఇగ్నిషన్ వరకు చూస్తే ఉన్నవి ఏడే వైర్లు. తాళం స్విచ్ నుంచి కాయిల్‌కి ఒకటి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కకి ఒకటి. కాయిల్ నెత్తి మీంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమధ్యకి లావు వైరు ఒకటి. క్యాప్ నుంచి ప్లగ్గులకి నాలుగు. వీటిని బట్టీ పట్టక్కర్లేదు, పుస్తకంలో బొమ్మ చూసి అలాగే తగిలించడమూ అన్నిసార్లూ కుదరదు. ఏ వైరు ఎక్కడికో ఇంజన్నే అడిగి తెలుసుకోవచ్చు. అందుకు కావలసిన సామాను ఒక 12 వోల్టుల బల్బు, రెండు ముక్కల వైరు, ఫీలర్ గేజి, ప్లగ్ స్పానర్, మీ బొటనవేలు.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ బీఎంసీ పెట్రోలు ఇంజన్ ఉన్న అంబాసిడర్ గురించి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా తయారుచేశారు. 2014లో ఆపేసేదాకా దాని ఒంటి తీరు పెద్దగా మారలేదు కానీ ఇంజన్లు మారాయి. 1990లలో ఇసుజు ఇంజన్‌తో వచ్చినవి వేరే లెక్క. డీజిల్ బండికి స్పార్కే అక్కర్లేదు కాబట్టి దాని గొడవే లేదు. పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటివి ఉన్నవాళ్లకి కొలతలు మారతాయేమో గానీ పద్ధతి ఇదే.

ముందు ఇగ్నిషన్‌లో ఏం జరుగుతుందో అర్థం చేసుకుంటే వైర్ల గందరగోళం సగం తగ్గుతుంది. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. ప్లగ్ కొన దగ్గర ఉన్న సన్నటి సందులోంచి, అదీ ఒత్తిడికి గురైన పెట్రోలు గాలిలోంచి, రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది కాయిల్. అందులో ఇనుప రేకుల చుట్టూ రెండు చుట్టలు ఉంటాయి: కొన్ని వందల చుట్ల లావు తీగ ఒకటి, వేల చుట్ల సన్న తీగ ఇంకొకటి. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఆ కరెంటుని ఒక్కసారిగా తెంచితే క్షేత్రం కూలిపోతుంది, ఆ కూలడంలో సన్న తీగలో వేల వోల్టులు పుడతాయి. పారుతున్న కొళాయిని చప్పున కట్టేస్తే పైపంతా దడదడలాడినట్టే ఇదీ. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇది. దాన్ని నమ్మకంగా పనిచేసే కారు సామానుగా మలిచినవాడు అమెరికాలోని డేటన్ ఊళ్లో డెల్కో సంస్థ పెట్టిన చార్లెస్ కెట్టరింగ్. 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లతో అది రోడ్డు మీదికి వచ్చింది. ఎలక్ట్రానిక్స్ వచ్చేదాకా ఆరు దశాబ్దాలు ప్రపంచంలో పెట్రోలు కార్లు ఎక్కువగా నడిచింది దీనిమీదే.

కాయిల్‌లో కరెంటుని తెంచేవి డిస్ట్రిబ్యూటర్ లోపల కలిసి విడిపోయే రెండు లోహపు చుక్కలు, వాటినే పాయింట్లు అంటారు. ఇందులో గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. రవ్వ పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. టైమింగు లెక్కంతా ఆ విడిపోయే క్షణం చుట్టూనే తిరుగుతుంది.

ఆ విడదీసే పని ఎంత వేగంగా జరగాలో చూడండి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి నాలుగు రవ్వలు. నిమిషానికి 6000, సెకనుకి 100. ఒక చిన్న స్ప్రింగు, ఫైబరు ముక్క, రెండు లోహపు చుక్కలు కలిసి సెకనుకి వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంబాసిడర్ పాతకాలపు సరుకని నవ్వేవాళ్లు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఒకసారి ఈ లెక్క వేసుకుంటే బాగుంటుంది.

ఇక వైర్లు. ఇవి రెండు జట్లు. సన్న వైర్లు రెండూ 12 వోల్టుల జట్టు. లావు వైర్లు అయిదూ వేల వోల్టుల జట్టు. బండి స్టార్ట్ కానప్పుడు జనం మొదట లావు వైర్ల మీద పడతారు, ప్లగ్గులు మారుస్తారు. కానీ మూడొంతుల తగాదా సన్న వైర్లలోనే ఉంటుందని నా అభిప్రాయం. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

లూకాస్ పద్ధతి వైరింగులో రంగులకి అర్థం ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు. తాళం తిప్పాక కరెంటు వచ్చేది తెలుపు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయేది తెలుపు మీద నల్ల చార. ఎర్త్ నలుపు. మీ బండిలో ఈ రంగులు ఇంకా కనిపిస్తే అదృష్టం. నలభై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో, ఇంట్లో మిగిలిపోయిన ఎర్ర వైరు ఎక్కడెక్కడ అతికారో చెప్పలేం. పైగా ఒకప్పటి తెలుపు ఇప్పుడు గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. కాబట్టి రంగుని సాక్ష్యంగా తీసుకోవద్దు, బల్బుని తీసుకోండి.

బల్బుకి ఒక కాలు ఇంజన్ బ్లాకు మీద శుభ్రంగా గీకిన చోట తాకించండి. రెండో కాలు కాయిల్ మీద స్విచ్ వైపు టెర్మినల్‌కి తాకించి తాళం తిప్పండి. బల్బు వెలిగితే అక్కడిదాకా దారి బాగుంది. వెలగకపోతే కాయిల్‌నీ డిస్ట్రిబ్యూటర్‌నీ వదిలేసి స్విచ్ వెనకా, ఆ వైరు జాయింట్లలోనూ వెతకాలి. ఇప్పుడు రెండో కాలుని కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కి మార్చి, ఇంజన్‌ని మెల్లగా తిప్పించండి. పాయింట్లు కలిసినప్పుడు బల్బు ఆరిపోవాలి, విడిపోయినప్పుడు వెలగాలి. అలా వెలిగి ఆరుతుంటే 12 వోల్టుల జట్టు బాగున్నట్టే లెక్క.

బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్ల దగ్గర కరెంటుకి ఎర్త్ దొరకడం లేదు. పాయింట్ల మీద నూనె పేరుకుని ఉండొచ్చు, గ్యాప్ మరీ ఎక్కువై అసలు కలవకపోవచ్చు, లోపలి చిన్న జడవైరు తెగి ఉండొచ్చు. అసలు వెలగకపోతే రెండు అనుమానాలు: కాయిల్ లోపల తీగ తెగింది, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో కరెంటు ఎప్పుడూ బాడీకి దిగిపోతోంది. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైరుని కాయిల్ దగ్గర విప్పి మళ్లీ బల్బు పెట్టండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ నిర్దోషి, దొంగ డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్నాడు.

ఆ దొంగ ఎక్కువసార్లు దొరికేది ఒకే చోట. మూత తీసి పాయింట్ల స్ప్రింగు కొన బిగించిన చిన్న స్తంభాన్ని దగ్గరగా చూడండి. అక్కడ మూడు కలుస్తాయి: పాయింట్ల స్ప్రింగు, కండెన్సర్ వైరు, కాయిల్ నుంచి లోపలికి వచ్చిన వైరు. ఈ మూడూ ఒకదాన్నొకటి తాకాలి, స్తంభాన్ని మాత్రం ఏదీ తాకకూడదు. స్తంభం అంటే బాడీ, బాడీ అంటే ఎర్త్. ఈ అడ్డు కోసమే అక్కడ టోపీ ఆకారంలో ఒక ప్లాస్టిక్ ముక్కో, ఫైబరు వాషర్లో ఉంటాయి. వైర్ల రింగులు ఆ టోపీ గొట్టం చుట్టూ, స్ప్రింగుని ఆనుకుని కూర్చోవాలి, పైన నట్టు పడాలి. కొత్త పాయింట్లు వేసిన తొందరలో వాషరు తారుమారైతే, రింగు కాస్త పక్కకి జరిగి స్తంభానికి తగిలితే చాలు, కరెంటు శాశ్వతంగా ఎర్త్ అయిపోతుంది. అన్నీ కొత్తవే వేసినా రవ్వ రాదు. కొత్త సామాను వేసిన రోజే బండి మొరాయించిందంటే ముందు చూడవలసింది ఈ స్తంభాన్నే.

కండెన్సర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాయింట్లు విడిపోతున్నప్పుడు కాయిల్‌లోని కరెంటు ఆగడానికి ఇష్టపడదు, ఆ సందులోంచే దూకి పోవాలని చూస్తుంది. అలా దూకితే పాయింట్లు కాలతాయి, క్షేత్రం నెమ్మదిగా కూలి ప్లగ్ దగ్గర రవ్వ నీరసపడుతుంది. ఆ మొదటి విసురుని కండెన్సర్ తనలోకి తీసుకుంటుంది. అది చెడిపోతే పాయింట్లు నల్లబడి గుంటలు పడతాయి, రవ్వ నీలంగా టపటపమనకుండా పసుపురంగులో వేలాడుతుంది. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం బాగా ఎక్కువ. పనిచేస్తున్న పాతది ఉంటే కొత్తది కొన్నాం కదా అని పారేయకండి, డిక్కీలో ఉంచుకోండి.

కాయిల్ మార్చేవాళ్లకి ఒక హెచ్చరిక. పాయింట్లతో నేరుగా నడిచే 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ చుట్ట నిరోధం సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది, అంటే దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. షాపువాడు చేతికిచ్చే ఎలక్ట్రానిక్ బండి కాయిల్ నిరోధం దీనికంటే చాలా తక్కువ. అది వేస్తే రవ్వ మొదట భేషుగ్గా వస్తుంది, కొద్దిరోజులకే పాయింట్లు మాడిపోతాయి. మల్టీమీటరుతో కొలిచి కొనండి. అలాగే ఇంజన్ తిరగకుండా తాళం ఆన్‌లో చాలాసేపు వదిలేయకండి. పాయింట్లు కలిసి ఉన్న చోట ఆగి ఉంటే కాయిల్ ఉడికిపోతుంది.

కాయిల్ మీద రెండు సన్న వైర్లలో ఏది ఏ టెర్మినల్‌కి అన్నది ఇంకో చిక్కు. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలిపేవారు. తర్వాత మైనస్‌ని కలపడం మొదలైంది. మీ బండిలో బ్యాటరీ ఏ కొమ్ము బాడీకి పోతోందో కంటితో చూడండి. మైనస్ బాడీకి ఉంటే కాయిల్ మీది ప్లస్ స్విచ్‌కి, మైనస్ డిస్ట్రిబ్యూటర్‌కి. ప్లస్ బాడీకి ఉంటే ఇది తిరగబడుతుంది. తప్పుగా పెట్టినా బండి నడుస్తుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ప్లగ్ మధ్యకొన వేడిగా ఉంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయలుదేరతాయి. ఆ కొన మైనస్ అయితే తక్కువ వోల్టులతోనే రవ్వ దూకుతుంది. తిరగబడితే కాయిల్ మీద భారం పెరిగి చలి ఉదయాల్లోనూ, ఎత్తు ఎక్కుతున్నప్పుడూ మిస్సింగ్ కొడుతుంది.

ఇప్పుడు ప్లగ్గులకి పోయే నాలుగు లావు వైర్లు. అందరూ తికమకపడేది ఇక్కడే.

ఈ ఇంజన్‌లో రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో సిలిండరు. రవ్వ అందే వరుస 1-3-4-2. ఇక తెలియవలసినవి రెండే: క్యాప్ మీద ఒకటో నంబరు గొట్టం ఏది, క్యాప్ కింద తిరుగుతూ ఒక్కో గొట్టానికీ రవ్వ అందించే రోటర్ ఏ వైపు తిరుగుతుంది. మొదటిదానికి పుస్తకం బొమ్మని నమ్మొద్దు. డిస్ట్రిబ్యూటర్ కింది కొక్కెం ఒకే విధంగా కూర్చునేలా చేసి ఉన్నా, దాన్ని తిప్పే పళ్ల కడ్డీని బ్లాకులో దింపినప్పుడు పాత మేస్త్రీ ఒక పన్ను అటూ ఇటూ పెట్టి ఉండొచ్చు, సగం చుట్టు తేడాగా పెట్టి ఉండొచ్చు. అయినా బండి బ్రహ్మాండంగా నడిచి ఉంటుంది, ఎందుకంటే ఆయన వైర్లని దానికి తగ్గట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు మీరు బొమ్మ ప్రకారం పెడితే నడవదు.

తాళం ఆఫ్ చేసి నాలుగు ప్లగ్గులూ విప్పేయండి. ఒకటో సిలిండరు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కి, ముందున్న హ్యాండిల్‌తో ఎవరినైనా ఇంజన్ తిప్పమనండి. హ్యాండిల్ తిప్పేవాళ్లు బొటనవేలిని కడ్డీ చుట్టూ చుట్టకుండా మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచాలి. ఎదురు తన్నితే మణికట్టు విరగకుండా పాత డ్రైవర్లు నేర్పిన జాగ్రత్త అది. ప్లగ్గులు తీసినప్పుడు ఆ భయం లేకపోయినా అలవాటు మంచిది. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తుంటే గాలి మీ వేలిని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు క్రాంక్ పుల్లీ మీది గాటు, టైమింగ్ కవర్ మీది సూచికకి ఎదురుగా వచ్చేదాకా నెమ్మదిగా తిప్పి ఆపండి. గాటు ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతారు: ఒకటో పిస్టన్, నాలుగో పిస్టన్ జంటగా పైకి వస్తాయి కాబట్టి గాటు ప్రతి చుట్టుకీ ఎదురొస్తుంది, రెండు చుట్లలో ఒకటే ఒకటో సిలిండరు కంప్రెషన్. తేడా చెప్పేది వేలే. ఇంకా అనుమానంగా ఉంటే వాల్వ్ కవర్ తీసి చూడండి. ఒకటో సిలిండరు రాకర్లు రెండూ వదులుగా ఆడుతూ, నాలుగో సిలిండరువి ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు.

ఇప్పుడు క్యాప్ తీసి రోటర్ ఇత్తడి ముక్క ఎటు చూస్తోందో చూసి, డిస్ట్రిబ్యూటర్ అంచు మీద మార్కరుతో గీత పెట్టండి. క్యాప్‌ని దాని గాడిలో మళ్లీ కూర్చోబెట్టినప్పుడు ఆ గీత మీదికి వచ్చే గొట్టమే ఒకటో నంబరు. హ్యాండిల్ ఇంకాస్త తిప్పితే రోటర్ దిక్కు తెలుస్తుంది; పైనుంచి చూస్తే ఈ ఇంజన్‌లో అది గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. ఆ దిక్కులోనే వరుసగా 3, 4, 2 పెట్టుకుంటూ పోవాలి.

దిక్కు తప్పితే జరిగేది తమాషాగా ఉంటుంది. ఎదురు దిక్కులో 1-3-4-2 పెట్టారనుకోండి, రోటర్‌కి అది 1-2-4-3గా కనిపిస్తుంది. ఒకటి, నాలుగు సరైన చోటే ఉన్నాయి, రెండూ మూడూ తారుమారయ్యాయి. అందుకే బండి పూర్తిగా మొండికెయ్యదు. రెండు సిలిండర్ల మీద వణుకుతూ పట్టుకుంటుంది. మిగతా రెండింటికీ రవ్వ ఒక పూర్తి చుట్టు తేడాగా, పొగ పోయే వాల్వు మూసుకుంటూ పెట్రోలు వచ్చే వాల్వు తెరుచుకుంటున్న వేళ అందుతుంది. అందుకే కార్బురేటర్‌లోంచి తుపుక్కుమని ఎదురుగాలి కొడుతుంది. ఈ లక్షణం చూసి కార్బురేటర్ విప్పి జెట్లు ఊదుకునేవాళ్లు ఎందరో. రెండు, మూడు వైర్లు అటూ ఇటూ మార్చి చూడటానికి అర నిమిషం పట్టదు. ఇంజన్ అసలు పట్టుకోకుండా సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఎదురుకొడుతుంటే మాత్రం నాలుగూ సగం చుట్టు తేడాగా ఉన్నట్టు; అన్నిటినీ రెండేసి గొట్టాలు జరపాలి.

పాత రకం క్యాపుల్లో లావు వైరుని లోపలివైపు నుంచి ఒక మొనదేలిన స్క్రూ పొడిచి పట్టుకుంటుంది. అది రాగి తీగ వైర్లకి సరిపోయే ఏర్పాటు. ఇప్పటి కార్బన్ వైరు తెచ్చి దూరిస్తే స్క్రూ సరిగ్గా అందక లోపలే రవ్వలు రాలుతుంటాయి. రాగి వైరే అడిగి కొనండి. క్యాప్ లోపల వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే అది మురికి కాదు, రవ్వ అడ్డదారి తొక్కిన జాడ. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే.

చివరికి టైమింగు. ముందు పాయింట్ల గ్యాప్, ఆ తర్వాతే టైమింగు. ఈ వరుస మార్చకూడదు. పాయింట్లని తెరిచే ఫైబరు మడమ, డిస్ట్రిబ్యూటర్ నడుమ తిరిగే కామ్ శిఖరం మీద ఉన్నప్పుడు గ్యాప్ 14 నుంచి 16 థౌ, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి, తగ్గితే ఆలస్యంగా విడిపోతాయి. అంటే గ్యాప్ ముట్టుకున్న ప్రతిసారీ టైమింగు కదిలిపోతుంది.

గ్యాప్ కుదిరాక పుల్లీ గాటుని మీ మోడల్‌కి చెప్పిన డిగ్రీల దగ్గర ఆపండి. ఎప్పుడూ ముందుకు తిప్పుతూనే అక్కడికి రావాలి. దాటిపోయి వెనక్కి తిప్పితే పళ్ల మధ్య వదులు లెక్క చెడగొడుతుంది. బల్బుని కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కీ బాడీకీ మధ్య పెట్టి, తాళం ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ బిగింపు కొద్దిగా వదులు చేయండి. బల్బు ఆరేదాకా దాన్ని రోటర్ తిరిగే దిక్కులో తిప్పి, ఆ తర్వాత వెంట్రుకవాసి చొప్పున ఎదురు దిక్కులో తిప్పుతూ రండి. బల్బు చటుక్కున వెలిగిన చోటే పాయింట్లు విడిపోయే క్షణం. అక్కడ బిగించేయండి.

ఇంజన్ పట్టుకుని వేడెక్కాక అసలు తీర్పు రోడ్డు మీద వస్తుంది. టాప్ గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గలగల చప్పుడు వస్తే టైమింగు ముందుకు పోయింది, కాస్త వెనక్కి తీయాలి. చప్పుడు లేదు గానీ బండి బరువుగా లాగుతూ తొందరగా వేడెక్కుతోందంటే వెనకబడింది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి ఈ చిన్న సర్దుబాటు కోసమే వాక్యూమ్ డబ్బా పక్కన గరుకు అంచున్న చిన్న నట్టు ఉంటుంది, దాని దగ్గర ముందుకీ వెనక్కీ గుర్తులుంటాయి. బిగింపు మళ్లీ వదులు చేసే పని లేదు. కొత్త పాయింట్ల ఫైబరు మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అరిగి గ్యాప్ తగ్గుతుంది. అప్పుడు ఇంకోసారి ఫీలర్ గేజి పెట్టి చూసుకుని, దాంతోపాటే టైమింగునీ సరిచూసుకోవాలి. కామ్ మీద కొద్దిగా గ్రీజు రాయడం మరిచిపోతే ఆ అరుగుదల ఇంకా తొందరగా వస్తుంది. ఎక్కువ రాస్తే అది చింది పాయింట్ల మీద పడుతుంది, మళ్లీ బల్బు పట్టుకోవలసి వస్తుంది.